గుర్రం చెవి

పర్లాకిమిడిలో, రైలుగేటు దాటాక నా కొట్టు.
దండాసి బెహరా గుర్రాన్ని గోనెసంచిలో తెచ్చాడు.
తల మాత్రమే. ఒళ్లు వెదురుబద్దలది, ఇంటి దగ్గరే ఉంది.
ఎడమ చెవి విడిగా, గమ్ఛా కొంగున ముడివేసి,
రాలిన పన్ను దాచుకున్నట్టు.

"ఈ రాత్రే నాటొ" అన్నాడు.
మహేంద్రతనయ అవతలి ఒడ్డున, చైత్ర పున్నమికి.
అతనిది ఒడియా, నాది తెలుగు,
బేరం దగ్గర మాత్రం ఇద్దరికీ రెండూ వస్తాయి.

క్లాంపుల్లేవు నా దగ్గర.
నాలుగూ కాశీబుగ్గలో ఉన్నాయి,
తలుపుల పనికని బావమరిది పట్టుకెళ్లి రెండు నెలలు.
ఉన్నా ఏం లాభం?
చెవి అంటే వంపు, దొప్పలాంటి వంపు.
ఇనప దవడ ఈ పక్క బిగిస్తే ఆ పక్కకి జారిపోతుంది.

మా మేస్త్రి నటబర మహారాణా అయితే
వజ్రం కాచేవాడు, నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి,
తోలుకంపు వీధి చివరిదాకా.
తాడు చుట్టి, తాట్లో పుల్ల దూర్చి మెలేసి,
రెండు రోజులు ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.
"అఠాని నమ్మరా, చెయ్యిని కాదు" అనేవాడు.
రెండు రోజులు దండాసి దగ్గర లేవు.

బ్లేడుతో పాత బంక గీకాను.
కిందది నల్లగా, గాజులా,
దాని మీద ఎవరో కాల్చి పోసిన లక్క,
ఆ పైన సైకిల్ ట్యూబు సొల్యూషన్.
ఎవడి కాలంలో దొరికింది వాడు పూశాడు.

తెల్ల జిగురు పల్చగా రాశాను,
మూడు చోట్ల మాత్రం ఆవగింజంత చెక్క వదిలి.
ఆ మూడు చోట్లా చిన్న గొట్టం లోంచి చుక్కా చుక్కా.
ఇది కోపిష్టిది. చిటికెలో పట్టుకుంటుంది,
దెబ్బ తగిలితే చిటికెలో వదిలేస్తుంది.
తెల్లది మెతక. తెల్లారేదాకా నానుస్తుంది.
ఒకసారి పట్టిందా, చెక్క చీలాలి గాని అది ఊడదు.
మెతకది గట్టిపడేదాకా
కోపిష్టిదాన్ని కాపలా పెట్టడం, అంతే పని.

ఒక్కసారే పెట్టాలి. సర్దుకోడాలుండవు.
ఊపిరి బిగబట్టి పెట్టాను.
బొటనవేలితో నొక్కి ముప్పై లెక్కపెట్టాను.
దండాసి కూడా లెక్కపెడుతున్నాడు, ఒడియాలో.
నేను ఇరవై నాలుగులో ఉండగానే ముప్పై దాటేశాడు.

వేలు రాలేదు.
గుర్రమూ నేనూ ఒకటే వస్తువు.
దండాసి నవ్వీ నవ్వీ పీట మీంచి జారాడు.
వేడినీళ్లు, ఉప్పు, ఆఖరికి లాగడం.
కాస్త చర్మం చెవి వెనకే ఉండిపోయింది.
"రంగేసేస్తాలే" అన్నాడు.

"ఒకటే మాట. ఈ రాత్రి తల విసరకు.
రేపట్నుంచి నీ ఇష్టం."

ఉండబట్టక వెళ్లాను అవతలి ఒడ్డుకి.
డోలు ఉరకమంటోంది, గుర్రం ఉరకదు.
నిండు బిందె నెత్తినున్న మనిషిలా
మెడ నిలబెట్టి,
మోకాళ్ల కింద మాత్రం ఎక్కడలేని తొందర.
పిల్లలు ఈల వేశారు, ఎగరమని.
వెనక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.
ఇది పాత అడుగట, దండాసి తాత వేసేదట,
మళ్లీ చూస్తాననుకోలేదట.

ఆ తాతా తడి జిగురు మీదే ఆడి ఉంటాడు.
ఈ మాట ఆయనకి చెప్పలేదు.

తెల్లారి రేషన్ షాపులో వేలు పెట్టమన్నారు.
మిషను ఎర్రగా వెలిగింది.
తుడిచి పెట్టాను. మళ్లీ ఎరుపే.
"నువ్వు నువ్వు కాదంటోందయ్యా" అన్నాడు డీలరు.
నేనే. కాకపోతే పైపొర ఏటి అవతల ఉంది,
పసుపురంగు కింద, ఎడమ చెవి వెనక.
వెనక క్యూలో పదిమంది.
వేరే వేలు పెట్టాను.